వోల్టేజీ తగ్గితేనే మా పాట

ఎనభైల మొదట్లో నంద్యాలలో బ్యాండు అంటే పెండ్లి ఊరేగింపు ముందు నడిచేదే. మాదీ బ్యాండేనని చెప్తే ఎవరి పెండ్లికి వాయిస్తాండారని అడిగేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. మేం ముగ్గురం. ఒకడు గిటారు, నేను డ్రమ్ములు, పాటలు రాసి పాడేది నా స్నేహితుడు. చర్చిలోనే కలిశాం గానీ, మాకు కావలసింది చర్చి పాటలూ కాదు, సినిమా పాటలూ కాదు, మా సొంతవి. కుదురుగా కూర్చోవడం మా ముగ్గురికీ చేతకాదు. అన్నం ముందు కూర్చున్నా నేను కంచం అంచు మీద దరువేస్తూనే ఉండేవాణ్ణి.

స్నేహితుడి నాయన మిషన్ స్కూల్లో టీచరు. కొడుకుకి వేరే ఊళ్ళో టీచరు ట్రైనింగులో సీటు ఖాయం చేసుకొచ్చాడు. వాడికి పోవాలని లేదు. పాటలతోనే బతకాలని వాడి పట్టుదల. మా పాటలతో ఒక క్యాసెట్టు నింపి వినిపిస్తే నాయన మనసు మారుతుందని వాడి నమ్మకం. నేనూ అదే నమ్మాను, ఎందుకంటే వాడు పోతే మా బ్యాండు ఉండదు.

ఆళ్ళగడ్డలో మైక్‌సెట్టు అద్దెకిచ్చే ఒకాయన దగ్గర మంచి టేప్ రికార్డరు ఉందని విని, బస్సు టాపు మీద డ్రమ్ములు కట్టుకుని పోయాం. దుకాణం వెనక గదే మా స్టూడియో. గోడలకు బొంతలు వేలాడదీశాం, చప్పుడు చేస్తుందని ఫ్యాను ఆపేశాం. ఉన్నది ఒక్కటే మైకు. ఎవరు ఎంత గట్టిగా వినబడాలో దానికి అంత దగ్గరగా ఉండాలి. వాడు మైకు ముందర, గిటారు గది మూల, నేను వాకిలి అవతల ఎండలో. ఎవరు తప్పు వాయించినా పాట మళ్ళీ మొదటికి. పొద్దు వాలేలోపు క్యాసెట్టు రెండు వైపులా నిండింది. అక్కడే వేసుకుని విన్నాం. బ్రహ్మాండంగా ఉంది.

ఆ వేళ చుట్టుపక్కల పొలాల్లో మోటార్లన్నీ ఆడుతున్నాయి. వోల్టేజీ పడిపోయి గదిలో బల్బు ఎర్రగా మినుకుమంటోంది. టేపు కూడా నెమ్మదిగా తిరుగుతోందని ఒక్కడికీ తోచలేదు. నంద్యాల వచ్చి, అరువు తెచ్చిన క్యాసెట్ ప్లేయరులో నిండు కరెంటులో వేస్తే, మా వాడి గొంతు చిన్నపిల్ల గొంతయింది. నా డ్రమ్ములు ఎవరో తరుముతున్నట్టు పరుగెత్తాయి. మళ్ళీ రికార్డు చేద్దామంటే మైక్‌సెట్టాయన పెండ్లిళ్ళని ఊళ్ళు పట్టుకుని తిరుగుతున్నాడు. నీరసించిన బ్యాటరీలు వేసి చూశాం. ఒక పాట సరిగ్గా వచ్చింది, తర్వాతి పాట మూలుగులోకి దిగింది.

చివరికి ఒక ఉపాయం దొరికింది. మధ్యాహ్నం మోటార్లు ఆడే వేళకు నంద్యాలలోనూ వోల్టేజీ పడిపోతుంది. అప్పుడు వేస్తే పాట పాటలా ఉంది. వాడి ప్రయాణానికి ముందు రోజు మధ్యాహ్నం వినడానికి నాయన ఒప్పుకున్నాడు.

ఆ పొద్దున్నే వాన పట్టుకుంది. ఊరంతా సంబరం. పొలాల్లో మోటార్లు ఆగిపోయాయి. వానొస్తే కరెంటు పోవడం మామూలే, ఆ రోజు అదీ పోలేదు. బల్బు తెల్లగా వెలుగుతోంటే దానికేసి చూస్తూ వానను తిట్టుకున్నాను. నాయన బడికి వేసుకునే చొక్కా వేసుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆగమనడానికి మాకు నోరు రాలేదు.

మొదటి పాట చిన్నపిల్ల గొంతుతో మొదలైంది. ఆయన తల వంచుకుని వింటున్నాడు. మా వాడు తట్టుకోలేక టేపు ఆపేసి, లేచి నిలబడి అదే పాట అందుకున్నాడు. గిటారు కలిసింది. నేను పక్కనున్న ట్రంకుపెట్టె మీద వాయించాను. ఆళ్ళగడ్డలో పాడినదానికంటే ఎంతో బాగా పాడాడు. నాకు కళ్ళు చెమర్చాయి. గెలిచేశామనుకున్నాను.

పాట అయ్యాక నాయన తలెత్తి కొడుకుని చూశాడు. ఆయన గొంతులో కోపం లేదు.

"బాగా పాడతావురా. పాడలేవని నేనెప్పుడన్నా అంటినా?"

ఆయన కుర్చీలోంచి లేచాడు.

"రేప్పొద్దున బస్సుకు పోవల్ల. గుడ్డలు సర్దుకో."

నా ముందున్న ట్రంకుపెట్టె వాడిదే. చేతులు తీసి పక్కకు జరిగాను. వాడు వచ్చి మూత తెరిచాడు.