నేను తయారుచేసిన వైవా ప్రశ్నలు

తొంభైల చివర మేడ్చల్ దాటాక ఉన్న ఒక కొత్త ఇంజనీరింగ్ కాలేజీలో నేను వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్‌ని. చదివింది ఐటీఐ. మిగిలిందంతా మేడ్చల్ గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని సంపాదించుకున్నది. ఆ మాట గర్వంగానే చెప్పుకునేవాణ్ని. అందుకే ఫిట్టింగ్ వైవా ప్రశ్నలు నేనే తయారుచేస్తానని అడిగి తీసుకున్నాను. ఆరు ప్రశ్నలు, ఆరూ పుస్తకంలోని ఇంగ్లీషు మాటలతోనే.

సెమిస్టర్ చివరికి ప్రతి ఒక్కరూ రెండు ఇనుప ముక్కలను ఆకురాయితో రాకి, ఒకదానిలో ఒకటి సందు లేకుండా కూర్చి ఇవ్వాలి. కొందరు బయట చేయించుకుని తెచ్చేవారు. అది మాకు తెలుసు.

ఆ ఏడాది సూరారం నుంచి వచ్చే ఒకమ్మాయి తన ముక్కలు బల్ల మీద పెట్టింది. కిటికీ వైపు ఎత్తి చూశాను. కూర్చిన చోట దారమంత వెలుతురు కూడా రాలేదు. తర్వాత ప్రశ్నలు అడిగాను. ఒక్కదానికీ నోరు విప్పలేదు.

"గిది నువ్ జేసింది కాదు," అన్నాను.

"నేనే జేసిన సార్."

వెనక నుంచి ఒకడు, "వాళ్ల నాయిన ఫిట్టరు సార్. ఇంట్లనే ఫ్యాక్టరీ," అన్నాడు. నలుగురు నవ్వారు.

మార్కుల షీటులో సున్నా వేశాను. అంటే ల్యాబ్ తప్పినట్టే, వచ్చే ఏడాది జూనియర్లతో కలిసి మళ్లీ చేయాలి. అందరూ వెళ్లిపోయినా ఆమె కదల్లేదు.

"ఇంకో ముక్క ఇయ్యుండ్రి సార్. మీ ముంగటనే జేస్త."

"నీ బస్సు పోతది మళ్ల."

"పోనియ్యుండ్రి. ఇంకోటి వస్తది."

ముక్కను వైస్‌లో బిగించి, పని మొదలుపెట్టే ముందు ఆకురాయి మీద సుద్ద రుద్దింది. ఎందుకని అడిగాను.

"ఇనుప పొడి ఆకురాయి పండ్లల్ల ఇరుకుతది సార్. ఇరికిందంటే ముక్క మీద గీతలు వడ్తయి. సుద్ద ఉంటే దులపంగనే రాలుతది."

నా మూడో ప్రశ్నకు జవాబు అదే. పొడి అలా ఇరుక్కోవడానికి పుస్తకంలో ఉన్న ఇంగ్లీషు పేరు చెప్పి, అదేమిటని అడిగాను నేను. ఆ పేరు ఆమె ఎన్నడూ వినలేదు.

మిగతా అయిదూ పనిముట్లు చేతికిస్తూ మన మాటలోనే అడిగాను. నాలుగు చెప్పింది. అయిదోదానికి "అది తెల్వది సార్" అంది, రాకడం ఆపకుండా.

సున్నా కొట్టేసి కొత్త మార్కులు వేశాను. మర్నాడు మా హెడ్, విజయవాడ వైపు ఆయన, షీటు చూసి కళ్లజోడు సర్దుకున్నారు.

"ఏంటండీ ఈ దిద్దుబాటు? ఎవరైనా చెప్పించారా?"

"లేదు సార్. అడుగుడు నాకు రాలేదు."

ఆయన సంతకం చేసి షీటు ఆఫీసుకు పంపేశారు. ఆమె గట్టెక్కింది. ఆరింటికి ఆరూ అప్పజెప్పి పూర్తి మార్కులు తెచ్చుకున్నవాళ్లు అదే షీటులో పదకొండుమంది ఉన్నారు. వాళ్లలో ఒక్కరి చేతికైనా నేను ఆకురాయి ఇచ్చి చూడలేదు.