పెడల్ కింద గుడ్డు

హార్లన్ కుబిచెక్‌కు ఒకే ఒక్క జబ్బు ఉండేది. తన పాత పికప్ ట్రక్కు పెట్రోలు తాగుతుంటే చూడలేకపోయేవాడు. నెబ్రాస్కాలో మా ఊరికంతటికీ ఉన్న ఏకైక పెట్రోలు బంకు నాది కాబట్టి, ఈ జబ్బు గురించి చెప్పే అర్హత నాకే ఎక్కువ.

ఆ ట్రక్కు కార్బ్యురేటర్ల కాలం నాటిది. పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకు పట్టించే ఆ గిన్నెను మిగతావాళ్ళు ఎప్పుడో పాడైతే విప్పుతారు. హార్లన్ చర్చికి వెళ్ళేముందూ విప్పేవాడు, వచ్చాకా విప్పేవాడు. లోపల పెట్రోలు కారే రంధ్రాన్ని ఎంత సన్నం చేశాడంటే, ఇంజనుకు దగ్గు పట్టుకుంది.

"దగ్గుతోందిరా" అన్నాను.

"అలవాటు లేని పస్తు కదా, కొన్నాళ్ళు దగ్గుతుంది" అన్నాడు.

టైర్లు తేలిగ్గా దొర్లాలని రాళ్ళలా గట్టిపడేదాకా గాలి కొట్టేవాడు. కంకర రోడ్డెక్కితే ఆ ట్రక్కు నేల మీదకన్నా గాల్లోనే ఎక్కువసేపు ఉండేది. ఆగి మళ్ళీ కదిలితే పెట్రోలు దండగని ఎవరికోసమూ ఆపేవాడు కాదు. ఎక్కదలిచినవాళ్ళు పక్కన పరిగెత్తి ఎక్కాలి. మా పాస్టరుగారు ఒకసారి బైబిలు చంకన పెట్టుకుని వీధి చివరిదాకా పరిగెత్తి, ఆ తర్వాత మనసు మార్చుకున్నారు.

ఇక గుడ్డు సంగతి. పెట్రోలు కలిసిరావాలంటే యాక్సిలరేటర్ కింద గుడ్డు ఉన్నట్టు నడపాలని మా వైపు పెద్దవాళ్ళు చెబుతారు. అందరూ తలూపి మరిచిపోతారు. హార్లన్ నిజంగానే గుడ్డు పెట్టాడు. ఉడికించింది పెట్టుకోరాదా అని అడిగితే, ఉడికిందైతే నాకు భయమేముంటుందన్నాడు. వాడి ఎడమ బూటు వేరు, కుడి బూటు వేరు. గుడ్డు సొన ఇంకిన కుడిదాని వెనకే ఊళ్ళో పిల్లులన్నీ నడిచేవి.

ఇలా ఉండగా, వాడి కంచె అవతల ఒంటరిగా ఉండే ఓపల్ లిండ్‌గ్రెన్ కోళ్ళగూటి దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. పెద్దూరి ఆస్పత్రిలో వారానికి రెండుసార్లు నడక నేర్పించుకోవాలి. వసంతానికల్లా తన కాళ్ళ మీద నడవకపోతే పొలమూ కోళ్ళూ వదిలేసి వృద్ధాశ్రమానికి పోవలసిందేనని డాక్టరు తేల్చేశాడు. కారులో దింపుతామని ఊరంతా వెళ్ళి అడిగింది. ఆమె ఎవరి సాయమూ తీసుకునే మనిషి కాదు. నేను వెళితే, "మోసుకుపోవడానికి నేనేమన్నా బస్తానా?" అని వరండాలోనే దులిపేసింది.

సరిగ్గా అప్పుడే హార్లన్ వచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని.

"ఓపల్‌గారూ, పెద్దూరి దాకా మైలేజీ పరీక్ష పెట్టాను. పక్క సీట్లో ఎప్పుడూ ఒకే బరువుండాలి. మొక్కజొన్న బస్తా పెట్టి చూశాను, మలుపుల్లో ఒరిగిపోతోంది. నిటారుగా కూర్చునే బరువు కావాలి."

ఓపల్ వాణ్ణి కాసేపు ఎగాదిగా చూసింది. "ఏయే రోజులు?" అంది.

"మంగళవారం, శుక్రవారం."

"గుడ్డు నాది. బజారు గుడ్లకు పెంకు పలచన."

ఆ చలికాలమంతా హార్లన్ కాఫీ హోటల్లో కూర్చుని, ఈ వారం గ్యాలన్‌కు ఎన్ని మైళ్ళొచ్చాయో చెప్పి అందరి ప్రాణాలూ తోడేశాడు. నాకు మాత్రం ఒకటి మింగుడుపడలేదు. మంగళ, శుక్రవారాలు పొద్దున్నే బంకు దగ్గరకొచ్చి టైర్లలో కొంత గాలి తీసేసేవాడు. మెత్తబడ్డ టైరు పెట్రోలు ఎక్కువ తాగుతుందని ఊరందరికీ పాఠం చెప్పినవాడే తీసేవాడు. పైగా ఓపల్ గుమ్మం ముందు ఇంజను పూర్తిగా ఆపి, దిగి, తలుపు తీసి నిలబడేవాడు. అడిగితే పరీక్ష అనేవాడు.

మంచు కరిగే రోజుల్లో వాడి బ్రేకులు బాగుచేసి, ట్రక్కును ధాన్యం గోదాముల దాకా నడిపి చూశాను. స్పీడు ముల్లు సున్నా మీదే పడుకుని ఉంది. కింద మైళ్ళ అంకెల్లో ఒక్కటీ కదల్లేదు. వాటిని తిప్పే తీగ వెనకాల ఎప్పుడో తెగి తుప్పుపట్టింది. గ్యాలన్లు తెలుస్తాయి సరే, మైళ్ళు ఎవరు చెప్పినట్టు? వాడి మీద కోపం రావలసింది. అంత ప్రేమ ఎందుకొచ్చిందో, రోడ్డు పక్కన ఆపుకుని కాసేపు కూర్చుండిపోయాను.

మంచిపని చేద్దామని కొత్త తీగ తెప్పించాను. మరుసటి శుక్రవారం వాళ్ళు ఆస్పత్రి నుంచి వస్తూ బంకులో ఆగారు. హార్లన్ కాఫీకి లోపలికెళ్ళగానే, ట్రక్కు కిటికీలోంచి తీగ ఓపల్‌కు చూపించి సంగతి చెప్పాను.

"అది బిగించావంటే నీ వేళ్ళు విరిచేస్తాను" అంది ఓపల్. "మొదటిరోజే చూశాను. నాకు విరిగింది తుంటి, కళ్ళు కాదు."

తీగ జేబులో దాచేశాను. హార్లన్ దిగాలుగా వచ్చాడు. ఓపల్ బాగా నడుస్తోందట, ఇక రానక్కర్లేదని డాక్టరు చెప్పాడట. "అయితే పరీక్ష అయిపోయినట్టే" అన్నాడు, టోపీ చేతిలో తిప్పుతూ.

"చలికాలం లెక్కలే కదా అయినవి?" అంది ఓపల్. "ఎండాకాలం గాలి వేరు. సగంలో ఆపేస్తే దాన్ని పరీక్ష అంటారా?"

హార్లన్ చాలా గంభీరంగా ఆలోచించాడు. అదీ నిజమేనన్నాడు.

ఓపల్ కర్ర సాయం లేకుండా కిందికి దిగింది. తన కాళ్ళ మీదే ట్రక్కు చుట్టూ నడిచి వెళ్ళి, కోటు జేబులోంచి కొత్త గుడ్డు తీసి పెడల్ కింద సర్ది, మళ్ళీ నడిచి వచ్చి కూర్చుంది. ఇంజను దగ్గింది.

"ఇప్పుడెక్కడికిరా?" అని అడిగాను.

"బరువు ఎటు పొమ్మంటే అటు" అన్నాడు హార్లన్.