చెయ్యి వెనకబడే క్షణం

మా సైన్సు మాస్టారు పోయారని పర్చూరు నుంచి అక్క ఫోన్ చేసింది. బస్సు దిగేసరికి మాస్టారి వీధి మొదట్లోనే ఫ్లెక్సీ కట్టి ఉంది. మాస్టారి ఫొటో చిన్నది, నివాళి అర్పిస్తున్న జిన్నింగ్ మిల్లు యజమాని ఫొటో పెద్దది. నాకు ఏడుపు కన్నా ముందు రోత పుట్టింది.

ఎందుకో చెబుతాను. ఆ మిల్లులో మెషీనుకు పత్తి అందిస్తూనే మా అక్క రెండు వేళ్ళు పోగొట్టుకుంది. చేతులు పోకుండా రోలర్లకు అడ్డంగా ఉండాల్సిన ఇనప జాలీని, పని నెమ్మదిస్తోందని యజమానే తీయించేశాడు. ఆ ప్రమాదం మీద జరిగిన విచారణలో మాత్రం "పరధ్యానంగా ఉందండీ, అంతే" అన్నాడు. మా బజారంతా అదే పాట అందుకుంది. అక్క గడప దాటడం మానేసింది.

ఆ విచారణకు మాస్టారు పిలవకుండానే వచ్చారు, చేతిలో స్కేలుతో. తరగతిలో మాతో ఆడించిన ఆటే. మా నాడి పట్టుకుని స్కేలు వదిలేవారు, మేం పట్టుకోవాలి. సరిగ్గా గుండె కొట్టినప్పుడు వదిలితే చెయ్యి కాస్త వెనకబడేది. చాలాసార్లు చేస్తే గాని తెలిసేంత తేడా కాదు.

"గుండె రక్తాన్ని నెట్టగానే, మెడ దగ్గరి నాళాల్లో ఒత్తిడి కనిపెట్టే నరాలు మెదడుకు కబురంపుతాయిరా. ఆ కాస్తసేపు మెదడు బయటి పని ఒక పిసరు నిదానంగా చూస్తుంది" అనేవారు.

మహానుభావుడేం కాదు. చుట్ట కంపు, ముక్కోపం. మా ఇంట్లో టీ తాగిన ప్రతిసారీ పంచదార తక్కువైందని సణిగేవారు. కానీ తడబడినవాణ్ణి చూసి ఎవరైనా నవ్వితే ఊరుకునేవారు కాదు.

విచారణలోనూ ఆయన స్కేలు చూపించి అదే చెప్పేసరికి అందరూ నవ్వారు. "అయితే తప్పు గుండెదంటారా మాస్టారూ?" అన్నాడు యజమాని.

"ఆ రోజు ఆ పిసరు వల్లే జరిగిందని నేననను. మనిషి చెయ్యి ఎప్పుడూ ఒక్కలా ఉండదు, అది తెలిసే జాలీ పెట్టేది. అది పీకించినవాడిది పరధ్యానం కాదు, నీచం" అన్నారు మాస్టారు.

కాగితాల్లో పరధ్యానమనే రాశారు. కానీ మర్నాడు అక్క కూరలకని తనే బజారుకు వెళ్ళింది. అందుకు ఆయనకు చేతులెత్తి దణ్ణం పెడతాను.

నేను వెళ్ళిన రోజు మధ్యాహ్నం మాస్టారి ఇంటి ముందు యజమాని నిలువెత్తు దండతో కారు దిగాడు, ఫొటో తీసేవాణ్ణి వెంటేసుకుని. అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"జాలీ పెట్టించారా అండీ?"

అతను దండ పట్టుకుని పక్కనుంచి దూరబోయాడు.

"పెట్టించి రండి. అప్పుడు వేద్దురు గాని."

మాస్టారి భార్య కూడా ఆమెను పక్కకు రమ్మనలేదు. అతను దండను కారు బానెట్ మీద పడేసి, ఎవరికో ఫోన్ చేస్తున్నట్టు అటు తిరిగాడు. మేం పాడె ఎత్తేసరికి, కాలిపోతున్న ఆ రేకు మీద బంతిపూలు కమిలి అంటుకుపోతున్నాయి.