మూత పెట్టి తిప్పిన అయిదడుగులు

దెయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇది జరిగిన తర్వాత కూడా నమ్మడం లేదు. నమ్మి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదు. నమ్మేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది, ఏం జరిగినా ఒక దండం పెట్టి పడుకోవచ్చు. నాకు అది లేదు.

నా పని కొలతలు. సూళ్లూరుపేట దగ్గర పారిశ్రామికవాడలో ఒక కంపెనీలో ప్రెషర్ గేజీలు, థర్మామీటర్లు సరిగ్గా చూపిస్తున్నాయా లేదా అని పరీక్షించి సంతకం పెడతాను. రాసిపెట్టని కొలత కొలతే కాదని మాకు నేర్పారు. అందుకే ఈ విషయంలో నా దగ్గర ప్రతిదీ రాసి ఉంది.

కెమెరా తిరుపతిలో పాత సామాన్ల అంగడిలో దొరికింది. యాభై అరవై ఏళ్ల కిందటి సినిమా కెమెరా. ఇనప డబ్బా, గుప్పిట కంటే కాస్త పెద్దది. అంగడాయన దాన్ని కెమెరా అని కూడా అనుకోలేదు, తూకానికి ఇచ్చేశాడు. బ్యాటరీ ఉండదు. పక్కన గడియారం కీ లాంటి తాళం ఉంటుంది, అది తిప్పితే లోపల స్ప్రింగు చుట్టుకుంటుంది. మీట నొక్కితే ఆ స్ప్రింగు విప్పుకుంటూ ఫిల్మును నడుపుతుంది.

దాన్ని బాగుచేయడానికి రెండు నెలలు పట్టింది. పాత గ్రీజు మైనంలా గడ్డకట్టి ఉంటే స్పిరిట్‌తో కడిగాను. పళ్లచక్రాలకు సూదిమొనతో గడియారం నూనె పెట్టాను, చక్రానికి ఒక్క చుక్క. తలుపు అంచున వెలుతురు దూరకుండా ఉన్న గుడ్డ పొడిపొడి అయిపోతే నల్ల ఉన్ని దారం అతికించాను. ఫిల్ము ఆనే చోట లోహం తగలకూడదు కాబట్టి అక్కడ వెదురు పుల్లతోనే శుభ్రం చేశాను. అయినా ఫిల్ము మీదికి వెలుతురు వదిలే చిన్న కిటికీ మూలలో అంచు లేచిన ఒక చిన్న గీర మిగిలిపోయింది. తీసే ప్రతి బొమ్మలోనూ కుడివైపు పైమూలన ఆవగింజంత నలుపు పడుతుంది. ఈ గీరను గుర్తుపెట్టుకోండి.

ఇంకో లెక్క కూడా. స్ప్రింగును పూర్తిగా చుట్టి స్టాప్‌వాచితో పదిసార్లు చూశాను. ముప్పై ఒక్క సెకన్లు దాటి ఒక్కసారి కూడా నడవలేదు. మళ్లీ నడవాలంటే ఆపి, తాళం తిప్పాలి. నడుస్తుండగా తిప్పడం ఈ కెమెరాలో కుదరదు.

ఇదంతా ఎందుకు చేశానంటే, మా నాయన కోసం.

ఐరాల వైపు ఒక పల్లె మాది. మాకు బెల్లం గానుగ ఉండేది. చెరకు రసం పెద్ద పెనంలో కాచి బెల్లం దించేవాళ్లం. పాకం చూడడంలో నాయనది పేరున్న చెయ్యి. నలభై ఏళ్లలో ఒక్క పెనం కూడా ముదిరిపోలేదని చుట్టుపక్కల చెప్పుకునేవాళ్లు. కాగే పాకాన్ని కొంచెం తీసి నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి, దాన్ని చూసి చెప్పేవాడు. థర్మామీటరు తెచ్చి పెడతానని నేను చదువుకునే రోజుల్లో అంటే నవ్వి ఊరుకున్నాడు.

మా గానుగ దగ్గర ఒక పద్ధతి ఉంది. ఉండ చేసినవాడు దాన్ని తినడు. పెనానికి ఎదురుగా నిలబడ్డవాళ్లకు ఇస్తాడు. వాళ్లు నోట్లో వేసుకుని "సరే" అనాలి. అప్పుడే నాయన "దించండి" అంటాడు, నలుగురు కలిసి పెనం దించుతారు. ఎందుకని అడిగితే తన చేతిని తానే మెచ్చుకోకూడదు అనేవాడు. ఆ దశలో అర నిమిషం ఆలస్యమైతే చాలు, పాకం ముదిరి బెల్లం నల్లబడుతుంది.

చెరకు వేసేవాళ్లు తగ్గిపోయారు. పోయిన ఏడాది మాఘంలో గానుగ అమ్మేయాలని తీర్మానమైంది. ఆఖరి పెనం రోజు నాయన చెయ్యి ఫిల్ము మీద పట్టాలని వెళ్లాను.

ఈ కెమెరాలో ఫిల్ము రెండుసార్లు నడుస్తుంది. ఇరవై అయిదు అడుగుల చుట్ట. మొదట ఒక సగం వెడల్పు మీద బొమ్మలు పడతాయి. చుట్ట అయిపోయాక తిప్పి పెడితే రెండో సగం మీద పడతాయి. మొదటి సగంలో చెరకు నరకడం, గానుగ ఆడడం తీశాను. రెండో సగం చివరికి నాయన చేతిని ఉంచుకున్నాను. పొద్దున పది గంటలు, మంచి ఎండ.

పెనానికి ఎదురుగా నిలబడ్డాను. అక్కడి నుంచే చెయ్యి బాగా కనిపిస్తుంది. మీట నొక్కాను. నాయన పాకం తీశాడు, నీళ్లలో వేశాడు, ఉండ చేశాడు. ఆపైన నాకు గుర్తున్నది ఒక్కటే. చెయ్యి ముందుకొచ్చి మరీ దగ్గరైంది, ఫోకస్ పోయింది. "షాటులో ఉన్నా నాయనా, ఉండు" అని ఎడమ చేత్తో పక్కకు జరగమన్నాను. స్ప్రింగు అయిపోయింది. తల వంచుకుని తాళం తిప్పాను, ఎన్ని అడుగులు అయ్యాయో చూపే అంకె చూసుకుని పుస్తకంలో రాసుకున్నాను. తలెత్తేసరికి పెనం దించుతున్నారు.

ఆ షాటుకు ఆరడుగుల పైన ఖర్చయింది. చుట్టలో అయిదడుగులు మిగిలింది. మధ్యాహ్నం చెరకు పిప్పి కుప్ప నీడలో కూర్చుని లెన్సుకు మూత పెట్టి, చుట్ట పూర్తి కావాలి కాబట్టి ఆ అయిదడుగులూ ఉత్తినే తిప్పేసి బయటికి తీశాను. నా పుస్తకంలో రాసి ఉంది: "మిగిలినది, మూతతో, ఖాళీ."

ఆ పెనం ముదిరింది. బెల్లం నల్లగా వచ్చింది.

పొయ్యి దగ్గర మంట వేసే మునిరత్నం మామ మంచివాడే. కానీ నోరు ఆగదు. "కడాకు మీ నాయన చెయ్యి గూడా ముసిల్దైపాయె గదప్పా" అన్నాడు అందరి ముందూ. నలుగురూ నవ్వారు. చిత్తూరు మండీకి ఆ బెల్లం పోయింది, వెనకే ఆ మాటా పోయింది. నలభై ఏళ్ల పేరు ఒక్క పూటలో పోయింది. ఇప్పటికీ పెళ్లిళ్లలో ఎవరో ఒకరు ఎత్తుతారు. నాయన మాత్రం "కండ్లు సరిగ్గా ఆనలేదులే" అని తన మీదే వేసుకున్నాడు.

ఫిల్మును చెన్నైలో ఒకాయన ఇంట్లోనే కడిగి ఇస్తాడు. నెల తర్వాత వచ్చింది. చేత్తో తిప్పుకుని చూసే చిన్న వ్యూయర్ ఉంది నా దగ్గర. అందులో పెట్టాను.

చెరకు ఉంది. గానుగ ఉంది. చివర నాయన లేడు. నేను ఉన్నాను.

ఆవిరికి అవతల, కెమెరా కంటికి పెట్టుకుని, నేనే. కింద అంచున పెనం. నాయన నిలబడ్డ చోటి నుంచి, నాయన కంటి ఎత్తు నుంచి చూస్తే ఏం కనిపిస్తుందో అది. పాకం ఉండ పెట్టుకున్న చెయ్యి కింది నుంచి నా వైపు చాచి ఉంది. బొటనవేలి మీద కాలిన పాత మచ్చతో సహా ఆ చెయ్యి నాయనదే. నేను ఎడమ చేత్తో దాన్ని పక్కకు పొమ్మంటున్నాను.

తర్వాత నేను తల వంచి తాళం తిప్పుతున్నాను. పుస్తకం తీస్తున్నాను. రాస్తున్నాను. ఆ చెయ్యి అలాగే చాచి ఉంది. ఒకసారి కొంచెం ముందుకు జరిగింది. మళ్లీ ఆగింది. నేను తలెత్తలేదు. ఫిల్ము అయిపోయేదాకా ఆ చెయ్యి దించలేదు.

భూతద్దం పెట్టి బొమ్మలు లెక్కపెట్టాను. ఎనిమిది వందల తొంభై ఆరు. సెకనుకు పదహారు చొప్పున యాభై ఆరు సెకన్లు. మధ్యలో ఎక్కడా తెగలేదు. ఈ కెమెరా ఆగి మళ్లీ మొదలైతే మొదటి బొమ్మ వెలుతురు ఎక్కువై తెల్లబడుతుంది, తప్పదు. అక్కడ అదీ లేదు. అంటే పొద్దున తీసిన ముప్పై ఒక్క సెకన్లూ, మధ్యాహ్నం మూతతో తిప్పిన అయిదడుగులూ కలిసి ఒకే ముక్కయ్యాయి. నల్లగా ఉండాల్సిన ఆ అయిదడుగుల మీదే నాయన చెయ్యి ఎదురుచూస్తూ ఉంది.

ఇక్కడి నుంచి నా కోపం మొదలవుతుంది.

చెన్నై ఆయన ఫోనులో అన్న మొదటి మాట, కెమెరా ఎవరికో ఇచ్చి మర్చిపోయుంటారని. కెమెరా బొమ్మలో నా చేతిలోనే ఉంది కదండీ అన్నాను. అయితే ఇంకో కెమెరా అన్నాడు. ప్రతి బొమ్మలోనూ కుడివైపు పైమూలన ఆవగింజంత నలుపుంది, అది నా కెమెరా గీర. బొమ్మలో కనిపిస్తున్న కెమెరాయే ఆ బొమ్మను తీసింది. అలాగైతే వేరే చుట్ట కలిసిందేమో అన్నాడు. గుర్తు కోసం చుట్ట మొదట్లో నేను గుచ్చిన రెండు సూది రంధ్రాలూ ఉన్నాయి.

పాత కెమెరాల వాళ్ల గ్రూపులో పెడితే ఒకడు అద్దంలో తీశావన్నాడు. అద్దమైతే నా టీషర్టు మీది కంపెనీ పేరు తిరగబడాలి. తిరగబడలేదు. ఇంకొకడు ఫిల్ము రెండుసార్లు నడిచి బొమ్మ మీద బొమ్మ పడిందన్నాడు. అలా అయితే రెండు బొమ్మలు ఉండాలి, ఉన్నది ఒక్కటే. మిగతావాళ్లు ఇంత కూడా ఆలోచించలేదు. యాప్‌లో చేశావన్నారు. రెండు నెలలు వెదురు పుల్లతో కూర్చున్నది ఇది వినడానికా?

మా పిన్నమ్మ ఇంకో దారి చూపించింది. అలిపిరి దగ్గర కొత్త బండ్లకు పూజ చేయించే చోట కెమెరాకు కూడా కర్పూరం వెలిగించి, నిమ్మకాయ దిష్టి తీయమంది. తన కొడుకు దాన్ని దెయ్యం వీడియోగా ఎక్కిద్దాం అన్నాడు, చూసేవాళ్లు లక్షల్లో ఉంటారట. అందులో దెయ్యమెవరురా అని అడిగాను. 

నా అసలు బాధ వీళ్లెవరికీ అర్థం కాలేదు. పాకం సమయానికే చూశాడు మా నాయన. ఉండ సమయానికే చాచాడు. కళ్లు ఆనక కాదు, చెయ్యి ముసలిదై కాదు. నేను తీసుకోక ముదిరింది. దానికి నా దగ్గర ఎనిమిది వందల తొంభై ఆరు బొమ్మల సాక్ష్యం ఉంది. కానీ ఆ సాక్ష్యమే జరగడానికి వీల్లేనిది. నా బల్ల మీదికి ఇలాంటి రిపోర్టు వస్తే నేనే సంతకం పెట్టను. వచ్చే అద్భుతం కాస్త నమ్మేలా రాకూడదా? నాయన చెయ్యి తీయడానికి పోతే నన్ను తీసి నా చేతిలో పెట్టింది.

మునిరత్నం మామ ఇంటికి వెళ్లి వ్యూయర్ ఇచ్చి చూపించాను. ఆయన చివరిదాకా తిప్పి చూశాడు. "నువ్వు బలే పడినావబ్బా. మీ నాయన యాడ?" అన్నాడు.

చెయ్యి చూడు మామా అన్నాను. "ఎవుర్దో సెయ్యి" అని వ్యూయర్ తిరిగి ఇచ్చేశాడు.

చివరికి నాయనకే చూపించాను. ఇంటి ముందర అరుగు మీద, సాయంత్రం వెలుతురులో. ఆయన మెల్లగా తిప్పాడు, పాకం కలిపినట్టు ఒకే వేగంతో. అయిపోయాక వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. ఆశ్చర్యపోతాడనుకున్నాను. పోలేదు.

"నేను సూసినట్టే ఉండాది" అన్నాడు.

"ఇది పడడానికి వీల్లేదు నాయనా" అన్నాను. స్ప్రింగు సంగతి, మూత సంగతి అన్నీ చెప్పాను. ఆపైన అడిగాను.

"సరే, నేను ఉండ తీసుకోలేదని నలుగుర్లో ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?"

"సెప్పేదేముండాదిరా. నువ్వు పని మీద ఉండావు."

"ఆ ఉండ ఏం చేసినావు?"

"నేనే తినేసినా. అప్పటికే ముదిరిండె."

పద్ధతి తప్పి తన ఉండ తాను తిన్నది జీవితంలో ఆ ఒక్కసారేనట.

ఆ ఫిల్ము డబ్బాలో పెట్టి, పైన చీటీ అంటించి, అలమారలో ఉంచాను. చీటీ మీద చుట్ట నంబరు, తీసిన రోజు, అడుగులు రాశాను. కారణం అన్న గడిలో ఏం రాయాలో ఇప్పటికీ తెలియలేదు. ఖాళీగా ఉంది. ఊరికి వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆఖరి పెనం మాట ఎత్తుతూనే ఉన్నారు. పాకం చెడగొట్టింది నేనని చెబుతూనే ఉన్నాను. వీడు నాయనను కాపాడడానికి అబద్ధమాడుతున్నాడని అనుకుంటున్నారు.