రెండు ఎడమ చేతుల జాకెట్

గోడౌన్‌లో నా ఉద్యోగం నిలవాలంటే కంప్యూటర్ రావాలన్నారు. నలభై ఎనిమిదేళ్ల వయసులో క్లాసులో చేరితే, నా ఒంటి వేలి టైపింగు చూసి సారు అందరి ముందూ నవ్వాడు. మర్నాడు ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కాను గానీ, దిల్‌సుఖ్‌నగర్‌లో క్లాసుకు దిగకూడదనే అనుకున్నాను. పక్క సీట్లో బట్టల సంచితో కూర్చున్న పెద్దామెకు నా అవమానమంతా చెప్పుకున్నాను.

"నేను కుట్టు నేర్చుకునేటప్పుడు జాకెట్‌కు రెండూ ఎడమ చేతులే పెట్టిన తమ్మీ. పడి పడి నవ్విండ్రు. గిప్పుడు మా బస్తీ ఆడోళ్లకు నేనే నేర్పుతున్న," అంది.

దిల్‌సుఖ్‌నగర్ రాగానే కిందున్న నా బ్యాగు తీసి చేతిలో పెట్టింది.

"దిగు. క్లాసుకు టైమైతలేదా?"

దిగాను. సారు నవ్వును ఇప్పటికీ క్షమించలేదు. ఈ మాట మాత్రం పది వేళ్లతో టైపు చేస్తున్నాను.