హాలంతా నలుపు

మా హాలు నేల నల్లబడాలని కోరుకున్నంతగా ఈ మధ్య నేను దేన్నీ కోరుకోలేదు. చూసేవాళ్లకు అదొక సోకు. మద్రాసు శివారు షోళింగనల్లూరులో మేం కొన్న ఫ్లాట్‌లో ముందున్నవాళ్లు హాలుకి టేకు చెక్కలు పరిపించారు. గోధుమరంగు నేల, మీగడరంగు గోడలు, ఇంచుమించు అదే రంగు సోఫా. మా ఆయనకు గ్లాకోమా ముదిరి చూపు తగ్గుతూ వచ్చాక అవన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. గోడకు భుజం కొట్టుకునేవారు, సోఫా లేనిచోట ఉందనుకుని కూర్చోబోయేవారు. చెయ్యి పట్టుకోబోతే మాత్రం విదిలించేసేవారు. "నా ఇంట్లో నేను నడవలేనా?" అనేవారు.

నేలకీ గోడకీ రంగులో బాగా తేడా ఉంటే ఆయనకు ఇంట్లో తిరగడం సులువవుతుందని కంటి ఆసుపత్రిలో ఒకమ్మాయి చెప్పింది. గోడలకు మల్లెపూవంటి తెలుపు వేయించాను. ఇక నేల చిక్కటి నలుపు కావాలి. బ్రౌను కాదు, కాఫీ రంగు కాదు, నలుపు. ఈ ముక్క పాలిష్ అతనికి ఎన్నిసార్లు చెప్పి ఉంటానో.

అతను ఊరికి ఆ చివరనున్న వ్యాసర్పాడి నుంచి వచ్చేవాడు. తాతల నాటి నుంచి మద్రాసులోనే ఉంటున్న తెలుగువాళ్లు. మన భాషవాడు దొరికాడని మొదట సంబరపడ్డాను. భాషయితే కలిసింది గానీ, చెప్పిన మాట వినే గుణం లేదు.

"ఇంత నలుపు వొద్దు మా. ఈడ యెవురూ పెట్టుకోరు. హాలు చిన్నదిగా తెలుస్తాది, దుమ్ము పడితే అంతా కనిపిస్తాది," అన్నాడు.

మా ఆయన సంగతి చెప్పాను. పాపం అన్నాడు, తలూపాడు. సాయంత్రం చూస్తే నేల బెల్లం రంగులో ఉంది. నేను తర్వాత బాధపడతానని డబ్బాలో రంగును తనే పల్చన చేసేశాడట. "పోను పోను ముదురుతాది మా," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అంతా మిషన్‌తో గీకించి, ఈసారి నా కళ్లముందే కలపమన్నాను. కలిపాడు. కానీ మరీ నున్నగా గీకిన చెక్క రంగును పీల్చదట. వేసిందంతా తుడిచిన గుడ్డకే వచ్చేసింది. ఆ సంగతి ముందే ఎందుకు చెప్పలేదంటే, "మీరు అడగలేదు గదా మా," అన్నాడు. అతన్ని పంపేసి వంటింట్లోకి వెళ్లి గిన్నెలు ఎత్తి పడేశాను.

మాది పెడన. అక్కడ అద్దకంవాళ్లు బట్ట మీద నలుపు ఎలా తెస్తారో చిన్నప్పటి నుంచీ చూసినదాన్నే. కరక్కాయ నీళ్లలో బట్ట తడిపి ఆరబెట్టి, తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ నానబెట్టిన నీళ్లతో అచ్చు వేస్తే అప్పటికప్పుడు నల్లబడుతుంది. చెక్కకు మాత్రం ఎందుకు పట్టదు? బాల్కనీలో బక్కెట్ పెట్టి పాత మేకులు, బెల్లం, నీళ్లు పోసి మూత వేశాను. మద్రాసు ఎండకు అది పులిసి, పొంగి, కంపు కొట్టడం మొదలుపెట్టింది. ఎవరింట్లోనో ఎలక చచ్చిందని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకటే గొడవ. మా ఇంట్లో కూడా వెతుకుతున్నానని నేనూ ఒక మెసేజ్ పెట్టాను. ఈ పూత పని మొదలయ్యే ముందు మా ఆయన్ని మరిది ఇంటికి పంపించాను.

మళ్లీ పిలిపిస్తే వచ్చిన పాలిష్ అతను ముక్కుకు గుడ్డ కట్టుకుని, "యేం మా ఇది, మందా?" అని గొణుక్కుంటూనే పూశాడు. ఈసారి గరుకుగా గీకించిన చెక్క మీద కరక్కాయ నీళ్లు ఆరాక, ఇనుప నీళ్లు పడ్డచోటల్లా కళ్లెదుటే నల్లబడింది. ఇంకో పూత పడేసరికి నిప్పు ఆరిన బొగ్గులా అయింది. దానిమీద మెరుపు లేని పాలిష్ వేయించాను. నేల ఎక్కడ ఆగి గోడ ఎక్కడ మొదలవుతుందో గీత గీసినట్టు తెలుస్తోంది. చాలా రోజుల తర్వాత నాకు గర్వంగా అనిపించింది.

ఆదివారం మరిది ఆయన్ని తలుపు దగ్గర దింపి వెళ్లాడు. నేను ముందే లోపలికి వెళ్లి హాలు మధ్యలో నిలబడి, మీ అంతట మీరే రండి అన్నాను. ఆయన చెప్పులు విప్పి, గడప దాటడానికి పాదం ఎత్తి, వెనక్కి తీసేసుకున్నారు.

"ఇక్కడేమైనా తవ్వారా?" అన్నారు.

"ఏం తవ్వుతారండీ? రంగేగా వేసింది. రండి."

"నువ్వు కనిపిస్తున్నావు. గోడలూ కనిపిస్తున్నాయి. నీ కింద ఏమీ లేదే."

కాలితో నేలను దబదబా కొట్టాను. చప్పుడు విన్నారు, సరే అన్నట్టు తలూపారు, అయినా పాదం ముందుకు రాలేదు. ఆసుపత్రి అమ్మాయి మీద, పాలిష్ అతని మీద, నా మీద, అందరి మీదా ఒకేసారి కోపం వచ్చింది. గబగబా వెళ్లి చెయ్యి పట్టుకోబోయాను. వద్దన్నారు. తలుపు ఆసరాగా మెల్లగా వంగి గడప మీద కూర్చుని, అరచేత్తో నేలను తడిమారు.

"నున్నగా వచ్చిందే," అన్నారు, నేను బాధపడతానని.

"లేవండి. రేపే మళ్లీ గీకించేస్తాను."

"ఎందుకులే, ఇలా వస్తాగా," అని, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే, అరచేతులు ముందు ఆనించుకుంటూ హాల్లోకి జరగడం మొదలుపెట్టారు.