మిద్దె మీద నీళ్లు నిలబెట్టిన మామ

మొన్న శుక్రవారం పొద్దున మేస్త్రీ మామ కోడలు ఫోన్ చేసింది. "అన్నా, మామ పోయినాడు" అని చెప్పి పెట్టేసింది.

ఆయన మాకు చుట్టం కాదు. కదిరిలో మేం అద్దెకున్న ఇంటి పక్కిల్లు ఆయనది. నలభై ఏళ్లు ఇళ్లు కట్టి, మోకాళ్లు అరిగాక ఇళ్లు చూడటం మొదలుపెట్టాడు. ఎవరైనా ఇల్లు కొనాలనుకుంటే బయానా ఇచ్చే ముందు ఆయన్ని పిలుచుకుపోయేవాళ్లు. ఆయన గోడకు చెవి ఆనించి వేళ్లతో కొట్టి వినేవాడు. బీరువాలు జరిపించేవాడు, క్యాలెండర్లు తీయించేవాడు. "దేవుని పటం గూడా తీయండప్పా, పగుళ్లు దాపెట్టేది ఆయప్ప ఎనకాలే" అనేవాడు. ఇంటివాళ్లు కాఫీ ఇస్తే పని అయ్యాకే తాగేవాడు. ముందే తాగితే నోరు మెత్తబడుతుందట.

ఆయనకున్న పెద్ద పిచ్చి నీళ్లు. వానలు మొహం చాటేసిన ఏళ్లలో కారే మిద్దె, కారని మిద్దె ఒక్కలాగే ఉంటాయి. "వాన పడక మూడేండ్లాయ. ఇల్లు కారుతాదో లేదో అమ్మేటోనికే తెలీదు, కొనేటోనికి యాడ తెలుస్తాది?" అనేవాడు. అందుకే మిద్దె గొట్టాలకు గుడ్డలు కుక్కి, ట్యాంకర్ నీళ్లు పోయించి ఒక రోజంతా నిలబెట్టేవాడు. బిందెడు నీళ్లకు జుట్లు పట్టుకునే ఊళ్లో ఈ పనికి ఆయన తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు.

తిట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. అప్పుడు నా భార్యకు ఏడో నెల. ఒక ఇల్లు చూశాం. నడిమింట్లో కప్పుకు ఉన్న కొక్కెం చూడగానే ఆమె మొహం వెలిగిపోయింది. "ఉయ్యాలకు కొక్కెం గూడా ఉండాది సూడు" అంది. ఇక ఆమెకు వేరే ఇల్లు అక్కర్లేకపోయింది. అమ్మే ఆయన రిటైరైన బస్సు డ్రైవరు, నెమ్మదస్తుడు. కొత్తగా సున్నం కూడా కొట్టించాడు. మామ మాత్రం నీళ్లు నిలబెట్టాలన్నాడు.

"అంత మంచి మనిషిని అనుమానిస్తే బాగుంటాదా మామా?" అన్నాను.

"మనిషిని నేనేడ అనుమానిస్తి? మిద్దెనే కదా!"

ట్యాంకర్ రాగానే వీధి ఆడవాళ్లంతా మూగారు. "ఏమయ్యా పెద్దాయనా, తాగేకి లేక మేము సస్తాంటే నువ్వు మిద్దెకు తాపుతాండావా?" అని ఒకామె అందుకుంది. నేను సిగ్గుతో టీ కొట్టు దాకా పారిపోయాను. మామ మాత్రం పైనుంచి నిదానంగా చెప్పాడు: "మిద్దె కడిగినానమ్మా. రేపు పొద్దున గుడ్డలు తీస్తా. గొట్టం కింద కడవలు పెట్టుకోండి. బట్టలుతికేకీ బర్రెలకూ ఐతాయి. ఒక్క సుక్క పోనీను."

మర్నాడు బయట కడవలు వరుసకట్టి ఉన్నాయి. లోపల కొక్కెం చుట్టూ సున్నం తడిసి నల్లబడింది. మామ కర్రతో అలా తాకాడో లేదో, పెద్ద సిమెంటు పెచ్చు కొక్కెంతో సహా ఊడి నేలమీద పడింది. లోపలి కమ్ములు తుప్పు పట్టి పొట్టుపొట్టుగా రాలుతున్నాయి. నా భార్య రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని గోడకు జారగిలబడింది.

"నాకు తెల్దు సామీ, నా తల్లి తోడు" అని డ్రైవరు ఏడ్చినంత పని చేశాడు.

"నీకెట్ల తెలుస్తాదన్నా, వాన రాలేదు గదా" అని మామ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత ఆ మిద్దెను కొట్టేసి, దగ్గరుండి మళ్లీ వేయించిందీ ఆయనే. నేను ఆరోజు ఆయన మొహం చూడలేకపోయాను. ఆ తర్వాత కూడా ఒక్క మంచి మాట చెప్పలేదు. మా బిడ్డను కాపాడింది ఆయనేనని ఇప్పుడు రాస్తున్నాను, ఆయన లేనప్పుడు.

మేం వేరే ఇల్లు కొన్నాం. దాని మీదా నీళ్లు నిలబెట్టి, చుక్క కూడా దిగలేదని చూసి, మామ సరేనన్నాడు. కానీ ఇరవై ఒకటో రోజు పాపను ఉయ్యాల్లో వేయాల్సినప్పుడు నా భార్య వేయనంది. కప్పు వంకే చూస్తూ పాపను గుండెకు అదుముకుంది. చుట్టాలు ఎంత చెప్పినా వినలేదు. ఎవరో వెళ్లి మామకు చెప్పారు.

ఆయన కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. రెండు ఇసుక మూటలు తెప్పించి ఉయ్యాల్లో వేయించాడు. దాని కింద చాప పరిపించి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా వెల్లకిలా పడుకున్నాడు.

"ఊపమ్మా. ఈ ఇల్లు బాగుండాదని చెప్పింది నేను. పడితే ముందు నా మీద పడనీ."

వంటలు చల్లారిపోతున్నా ఎవరూ కదల్లేదు. నా భార్య ఒక చేత్తో పాపను ఎత్తుకుని, ఇంకో చేత్తో ఇసుక మూటలను ఊపుతూనే ఉంది. కింద మామ నోరు తెరిచి గురకపెట్టి నిద్రపోతున్నాడు.